బరకం మీద పడిన వాన

నేను మొట్టమొదట రాయడం నేర్చుకున్నది సున్నా. నలభై ఏళ్ళు దాటాక, వాతావరణ కేంద్రం వరండాలో కూర్చుని, పాత కాగితాల వెనక వైపు దిద్దాను. అది ఎండాకాలం. నాకు నేర్పిన పెద్దాయన, "రోజూ రాయాల్సింది ఇదేనమ్మా. ముందు ఇది గుండ్రంగా రానీ. మిగతా అంకెలు వాన పడ్డప్పుడు చూసుకుందాం" అన్నాడు. అందుకని తొలకరి దాకా నాకు ఒకటి రాదు, రెండు రాదు. సున్నా మాత్రం చూసినవాళ్ళు మెచ్చుకునేటట్టు వచ్చేది.

నలభై దాటాక చదువుకున్న ఆడమనిషి అంటే అందరికీ ముచ్చటగానే ఉంటుంది. నా ఉద్యోగం గురించి రాయమని అడిగినవాళ్ళు కూడా ఆ ముచ్చటే రాస్తాననుకున్నారు. కొత్తగా ఈ పనుల్లో చేరుతున్న పిల్లలకు పనికొస్తుందన్నారు. పిల్లలూ, మీకు పనికొచ్చేది ఇంకొకటి ఉంది. అది రాయాలంటే ఇప్పటికీ నాకు చెయ్యి వెనకాడుతుంది.

గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసేచోట, పత్తి చేలూ మిరప చేలూ తప్ప ఇంకేమీ కనపడని నేలలో ఒక వ్యవసాయ క్షేత్రం ఉంది. అందులో కలుపు తీసే కూలీగా చేరాను. క్షేత్రంలో ఒక మూల ఇనప కంచె కట్టిన చిన్న ఆవరణ, అదే వాతావరణ కేంద్రం. లోపల గడ్డి పొట్టిగా కత్తిరించిన నేల. కాళ్ళ మీద నిలబెట్టిన తెల్ల చెక్కపెట్టె, అందులో వేడి చూపించే గాజుగొట్టాలు. కాస్త ఎడంగా, మోకాలెత్తు కూడా లేని వాన గేజీ. దానికి పైన గరాటు, లోపల సీసా. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు సీసాలో చేరిన నీళ్ళు కొలగ్లాసులో పోసి, కళ్ళకు ఎదురుగా పట్టుకుని చూసి, పుస్తకంలో రాయాలి. ఆవరణ ఊడ్చేది నేను. చూసి రాసేది పెద్దాయన.

ఆయన ఆ కంచె మీద ఎవర్నీ తువ్వాలు కూడా ఆరేసుకోనిచ్చేవాడు కాదు. ఒకసారి కూలీల్లో ఒకామె సద్దిమూట తగిలిస్తే, దాన్ని తీసి ఆమె చేతిలో పెట్టి, "ఇక్కడ ఆకాశానికీ నేలకీ మధ్య ఏమీ ఉండకూడదు తల్లీ" అన్నాడు. మేమంతా వెనక నవ్వుకున్నాం. సద్దిమూట ఆకాశానికి అడ్డమొచ్చిద్దా అని.

రిటైరయ్యే రోజులు దగ్గరపడ్డాక, నా మీద ఆయనకు ఏం నమ్మకం కలిగిందో గానీ, ముందు అంకెలు నేర్పాడు, ఆ పైన అక్షరాలు. అప్పటిదాకా నేను చర్చిలో అందరితో పాటు పాటల పుస్తకం తెరిచి పట్టుకుని, నోటికొచ్చిన పాట పాడేదాన్ని. ఒక ఆదివారం పుస్తకంలో ఉన్నది కూడబలుక్కుని చదివితే తెలిసింది, చిన్నప్పటి నుంచీ రెండో చరణం తప్పే పాడుతున్నానని. సిగ్గేసింది. సంతోషంగానూ ఉంది. ఆ రోజు నుంచి నోటి మాట కన్నా కాగితం గట్టిదని నా మనసులో పడిపోయింది.

పెద్దాయన వెళ్ళిపోయే రోజున తాళంచెవి నా చేతిలో పెట్టి ఒకటే మాట చెప్పాడు. "నీకేమనిపించిందో రాయొద్దు. గ్లాసు ఏం చూపిస్తే అది రాయి."

ఆ మాట తప్పకుండా పాటించాను. అంతకుముందెప్పుడో చెప్పిన మాట, ఆకాశానికీ నేలకీ మధ్య ఏమీ ఉండకూడదన్నది, అంతగా గుర్తుపెట్టుకోలేదు.

క్షేత్రం పక్కనే మా అక్కా బావా కొంత నేల కౌలుకు తీసుకుని మిరప వేశారు. కాయలు కల్లంలో ఆరబోస్తే పందులూ మేకలూ తొక్కిపోతున్నాయి. ఒకరోజు అక్క వచ్చి కంచె పట్టుకుని నిలబడింది.

"ఏమే, లోపలంతా ఖాళీగానే ఉంది గదా. నాలుగు రోజులు ఆరబోసుకుంటా."

"వద్దక్కా. ఇది గవర్నమెంటుది."

"నేనేమన్నా గవర్నమెంటుని మూటగట్టుకుపోతానా? ఆ డబ్బా జోలికి రాను, ఆ పెట్టె జోలికి రాను. సరేలే, తాళం చేతిలో పెట్టుకుని సొంత అక్క కాయలు పందులు తొక్కుతుంటే చూస్తా కూర్చో."

తాళం నా చేతిలో ఉండటం నాకూ కొత్తే. తీశాను. క్షేత్రం బాధ్యత చూసే సారుకు చెబితే, "పరికరాలకు తగలకుండా చూసుకోమ్మా" అన్నాడు. వాళ్ళింటికి ఒక బుట్ట కాయలు వెళ్ళాయి. నాలుగు రోజులు కాస్తా ఆ సీజనంతా అయింది. తర్వాత ప్రతి ఏడూ అయింది. కాయలు బాగా పండిన ఏడు కుప్ప పెరిగి పెరిగి గేజీ దగ్గరి దాకా వచ్చింది.

కాయలు ఎట్లా ఆరబెడతారో మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పొద్దున నేల మీద పరుస్తారు. పొద్దు వాలాక కుప్ప చేసి, మంచు పడకుండా బరకం, అంటే టార్పాలిన్ పట్టా, కప్పి, అంచుల మీద రాళ్ళు పెడతారు. తెల్లవారి ఎండ రాగానే బరకం తీసేసి మళ్ళీ పరుస్తారు. నేను సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి బరకం ఇంకా మడతలో ఉండేది. పొద్దున వచ్చేసరికి మళ్ళీ మడతలోకి వెళ్ళిపోయేది. రాత్రంతా అది ఎక్కడి దాకా పరుచుకుని ఉంటుందో నేను చూడలేదు. అడగనూ లేదు.

ఆ రోజుల్లోనే పరిశోధన చేసే ఒక అమ్మాయి మా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. పడమట కొండల అంచున ఉన్న అడవిలో వాళ్ళు కొన్నిచోట్ల హద్దులు పాతి, లోపలి ప్రతి చెట్టుకూ రేకు నంబరు కొట్టారు. ఏ చెట్టు ఏడాదికి ఎంత లావైంది, ఎప్పుడు ఆకు రాల్చింది, ఎప్పుడు చిగురేసింది, కింద మొలకలు ఎన్ని బతికాయి అని ఏళ్ళ తరబడి చూస్తారు. చెట్టు సంగతి ఒక్కటే తెలిస్తే చాలదు, దాని మీద ఎంత వాన పడింది, ఎంత ఎండ కాసింది అనేది కూడా తెలియాలి. అడవిలో ఒక యంత్రం పెట్టారట. కోతులు దాని తీగలు పీకేసి, గరాటు నిండా మారేడుపండు గుజ్జు కుక్కాయట.

"అందుకని ఆంటీ, దగ్గర్లో ఉన్నది మీ స్టేషనే. మీ రికార్డే మా అడవి వాతావరణం" అంది ఆ అమ్మాయి.

నా సున్నాలు అడవి దాకా వెళ్తున్నాయని అక్కకు ఎంత గొప్పగా చెప్పుకున్నానో. "నా కాయలు గుంటూరు యార్డు దాకానే పోతన్నాయి, నువ్వు నయమే" అంది అక్క.

ఆ చెట్ల దగ్గరికి రోజూ వెళ్ళి చూసి రావడానికి కొండ కింది పల్లెలో ఒకాయన్ని కూలికి పెట్టుకున్నారు. అందరూ ఆయన్ని వాచర్ అనేవాళ్ళు. యాభై దాటిన మనిషి. చదువు లేదు. చూసింది ఫోన్లో మాట్లాడి పంపేవాడు. "అమ్మా, ఇప్పచెట్టు చిగురేసింది." "అమ్మా, రాత్రి వాన పడింది, గట్టిగానే పడింది." ఆ అమ్మాయి అవి విని రాసుకునేది.

వానాకాలంలో ఆయన మాటకూ మా పుస్తకానికీ పెద్ద తేడా లేదు. శివరాత్రి తర్వాత, కాయలు ఆరే రోజుల్లోనే వచ్చింది తేడా. ఆయన పడిందన్న వాన ఒక్కటీ మా పుస్తకంలో లేదు. ఒక ఏడు అట్లాగే జరిగింది. మరుసటేడూ అదే జరిగింది. వాళ్ళ పెద్దలకు అనుమానం వచ్చింది. ఈయన అడవికి పోవడం లేదు, ఇంట్లో మంచం మీద పడుకుని మాట్లాడి పంపుతున్నాడని. వానలు కల్పించినవాడు చిగుళ్ళు మాత్రం కల్పించడా అన్నారట. ఆ అమ్మాయికి మాత్రం మనసొప్పలేదు. ఒకరోజు నన్నే అడిగింది.

"ఆంటీ, అక్కడ గట్టిగా పడి, ఇక్కడ అసలు పడకుండా ఉంటుందా?"

"ఒకసారంటే ఉండొచ్చు. ప్రతిసారీ ఎందుకుంటదమ్మా? మబ్బు అటునుంచే గదా మా మీదికొచ్చేది. అక్కడ పడితే మాకూ పడాల."

"అంటే ఆయన అబద్ధం చెబుతున్నాడంటారా?"

"ఆయన సంగతి నాకు తెలియదు. మా సీసా మటుకు అబద్ధం చెప్పదు."

ఆ మాట ఎంత బాగా అన్నానో అని ఆ రోజంతా నాలో నేనే చెప్పుకుని మురిసిపోయాను.

అప్పటికి కొన్నాళ్ళ క్రితమే మా ఇంట్లో రాత్రి రేకు కారి, కింద గిన్నెలు పెట్టుకున్నాను. పొద్దున నల్లరేగడి బురదలో నడిచి కేంద్రానికి వెళ్ళాను. కాళ్ళకు అంటిన మట్టి వరండా మెట్టు మీద గీకేసుకుని, సీసా తీసి చూశాను. చుక్క లేదు. కంచె మీద తడి బరకం ఆరేసి ఉంది. "కాయలేమీ తడవలేదు గదక్కా?" అని అడిగాను. తడవలేదంది. హమ్మయ్య అనుకుని, వాన మా ఊరి పొలిమేరలోనే ఆగిపోయిందనుకుని, సున్నా రాశాను. మా ఇంటికీ క్షేత్రానికీ మధ్య వాన ఆగిపోయిందని నమ్మిన నేనే, ఆ కొండకూ మాకూ మధ్య ఆగదని ఆ అమ్మాయికి చెప్పాను.

తర్వాత ఒక మధ్యాహ్నం జీపు వచ్చి ఆగింది. ఆ అమ్మాయి దిగింది, వెనకాల వాచర్ దిగాడు. ఆయన్ని పనిలోంచి తీసేయమని ఒంగోలులోని వాళ్ళ ఆఫీసు నుంచి చెప్పేశారు. "ఊరికే తీసేశామనుకోకూడదు సార్. రికార్డు చూపించి చెబుదామని తీసుకొచ్చాను" అంది మా సారుతో. నేల చూపులు చూస్తూ అంది.

వాచర్ ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. నా చేతిలో పుస్తకం, పెన్ను చూసి, నాకు దణ్ణం పెట్టాడు.

"మేడం గారూ, ఒకసారి సరిగ్గా చూడండి. పని పోతే పోనీయండి, కూలి ఎక్కడన్నా దొరికిద్ది. నన్ను అబద్ధాలోణ్ణి చేశారు మా పల్లెలో. మా ఇంటిదే అడుగుతోంది, నిజంగా పొద్దున్నే కొండకే పోతన్నావా, ఇంకెక్కడికన్నా పోతన్నావా అని."

సారు నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ అమ్మాయి ఆయన వాన పడిందన్న తేదీలు ఒక్కొక్కటే చెబుతూ, నన్ను పుస్తకంలో చూసి చదవమంది. సారు ఎదుట, బయటి నుంచి వచ్చినవాళ్ళ ఎదుట నేను గట్టిగా చదవడం అదే మొదలు. వేలితో వరస పట్టుకుని, గొంతు సవరించుకుని, "సున్నా" అన్నాను. ఇంకో తేదీ. "సున్నా." ఇంకోటి. "సున్నా." ఎక్కడా తడబడకుండా చదువుతున్నానన్న సంబరంలో నా గొంతు అంతకంతకూ పెరిగింది. ఆయన తల అంతకంతకూ దిగిపోయిందని తర్వాత ఆ అమ్మాయి చెబితే తెలిసింది. నేను చూడలేదు. నా కళ్ళు పుస్తకం మీద ఉన్నాయి.

"అయితే వాన పళ్ళేదంటారా మేడం?" అన్నాడు చివరికి.

"ఇందులో రాసి లేదు" అన్నాను.

రేషన్ కొట్టులో, బ్యాంకులో, ఆసుపత్రిలో నాకు ఎన్నిసార్లో ఎదురైన మాట అది. రాసి లేదమ్మా, ఫో. నోరు మూసుకుని తిరిగొచ్చేదాన్ని. అదే మాట ఇప్పుడు నా నోటి నుంచి ఇంకొకరి ముఖాన పడుతోందని నాకు తోచనే లేదు.

అప్పుడు పడమట ఉరిమింది.

మా నేలలో కాయలు ఆరే కాలంలో ఉరిమితే అవి ఎవరి కాయలని ఎవరూ అడగరు. దగ్గరున్నవాళ్ళందరూ పరుగెత్తాల్సిందే. తడిసిన కాయ తెల్లబడి తాలుకాయ అయిపోతుంది, యార్డులో దాని వంక చూసేవాడుండడు. "వచ్చేసింది, వచ్చేసింది, బరకం పట్టండి!" అని అక్క కేక. పుస్తకం బల్ల మీద పడేసి ఉరికాను. సారు ఉరికాడు. వాచర్ కూడా ఉరికాడు, ఆ తెల్లచొక్కాతోనే. కుప్ప చేసే వ్యవధి లేదు. బావ బరకం విప్పాడు. ఒక కొస నేను అందుకున్నాను, ఎదురుగా ఇంకో కొస వాచర్ అందుకున్నాడు.

"లాగవే, లాగు! ఆ డబ్బా మీద నుంచే లాగు, రోజూ కప్పేది అట్టాగే గదా!" అని అరిచింది అక్క.

లాగాను. నా చేతులతోనే లాగాను. బరకం వాన గేజీ మీదుగా పోయి అవతలికి దిగింది. గాలికి లేవకుండా దాని పక్కనే ఒక రాయి కూడా తెచ్చి పెట్టాను. అంతలో లావు చినుకులు మొదలయ్యాయి. అందరం వరండాలోకి వచ్చిపడ్డాం. కాయలు దక్కాయని అక్క రొప్పుతూనే నవ్వుతోంది.

వాన దంచికొట్టింది. బరకం మీద నీళ్ళు మడుగులు కట్టాయి. ఒక్క చోట మటుకు బోర్లించిన బిందెలా ఎత్తుగా ఉంది. వాచర్ దాని వంకే చూస్తున్నాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది, ముఖం మీద నీళ్ళు కారుతున్నాయి.

"మేడం గారూ, వాన కొలిచేది ఎక్కడుంటదండీ?"

వెటకారం లేదు ఆ అడగడంలో. ఆయన దాన్ని ఎప్పుడూ చూసి ఉండలేదు. నేను చెయ్యెత్తి చూపించలేకపోయాను. అక్కే చూపించింది.

"అదిగో అన్నా, ఆ బరకం కింద. భద్రంగానే ఉందిలే, దాని మీద చుక్క పడనియ్యం!"

ఆ అమ్మాయి మెట్టు మీద కూలబడింది. "రోజూ ఇలాగేనా అండీ?" అని అక్కని అడిగింది.

"రోజూనే తల్లీ. రాత్రిళ్ళు మంచు పడిద్ది గదా."

"ఎన్నేళ్ళ నుంచి?"

ఏదో జరిగిందని అక్కకు అప్పుడు తెలిసింది. నా ముఖం చూసింది. అందరూ నా ముఖమే చూశారు. "నా థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం దీని మీదే ఉంది" అంది ఆ అమ్మాయి, ఎవరితోనూ కాకుండా, తనలో తనే అనుకుంటున్నట్టు.

వాచర్ చేత్తో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగాడు. "అయితే పడ్డదే గదా చెల్లెమ్మా" అన్నాడు.

మేడం పోయి చెల్లెమ్మ వచ్చింది. ఒక తిట్టు తిట్టినా నేను నిలబడగలిగేదాన్ని. లోపలికి వెళ్ళి, బల్ల మీద ఇంకా తెరిచే ఉన్న పుస్తకం ముందు, తడి చీరతో వాన తగ్గే దాకా నిలబడ్డాను.

మర్నాడు పొద్దున సీసా పొడిగానే ఉంది. సారు నా పక్కనే నిలబడి, "ఉన్నది రాయమ్మా. నీకు నేర్పింది కూడా అదేగా" అన్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది. ఒక్క రోజు తప్పు ఒప్పుకుంటే అన్నేళ్ళ రాతనూ అనుమానిస్తారు. సున్నా రాశాను. తర్వాత దాని పక్కన, అంకె కాని మాటలు ఆ పుస్తకంలో మొదటిసారి రాశాను. బరకం కప్పి ఉంది, వాన పడింది అని. సారు అది చదివి, పుస్తకం మూసేసి, తాళంచెవి అడిగి తీసుకున్నాడు. రిటైరయ్యే దాకా నన్ను మళ్ళీ కలుపు పనికే వేశారు.

అది ధైర్యమని మెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. నాకు అట్లా అనిపించదు. అంతమంది కళ్ళారా చూశాక రాశాను. ముందు రోజు ఆ ఉరుము ఇంకో గంట ఆలస్యంగా వచ్చి ఉంటే, ఆ మనిషి తలవంచుకుని జీపెక్కేవాడు. నేను ఇంటికి వెళ్ళి, ఎంత బాగా చదివానో చెప్పుకునేదాన్ని.

పోయిన వానలను మళ్ళీ కొలవలేం. ఆ అమ్మాయి ఆ నెలల సున్నాలన్నీ కొట్టేసి, అక్కడ ఖాళీ వదిలేసింది. ఆ అధ్యాయం మళ్ళీ మొదటి నుంచి రాసుకుంది. అంతకుముందే అచ్చయిన రిపోర్టు ఒకటి మాత్రం ఎక్కడెక్కడికో వెళ్ళిపోయింది. శివరాత్రికీ ఉగాదికీ మధ్య ఆ అడవిలో చినుకు పడదని అందులో ఇప్పటికీ ఉంది. మీలో ఎవరైనా ఎప్పుడైనా అది తెరిస్తే, ఆ సున్నాలు రాసిన చెయ్యి నాదని గుర్తుపెట్టుకోండి.

వాచర్‌ని వెంటనే పనిలోకి తీసుకోలేదు. వాళ్ళ ఆఫీసులో కాగితాలు కదిలేసరికి వానాకాలం వచ్చేసింది. ఆయన తిరిగి చేరాక, కోతులు పీకలేని మామూలు గేజీ ఒకటి అడవిలోనే పెడుతూ, ఎట్లా చూడాలో చూపించడానికి ఆ అమ్మాయి నన్ను తీసుకెళ్ళింది. రాననాలనిపించింది. వెళ్ళాను. కొమ్మల నీడ పడని చోటు చూసి, ఆయన అప్పటికే నేల చదును చేసి, చుట్టూ ముళ్ళకంప కట్టి ఉంచాడు.

"ఇక్కడ కాయలు ఆరబోసేవాళ్ళు లేరులే చెల్లెమ్మా" అన్నాడు నన్ను చూసి.

అందరూ నవ్వారు. నేనూ నవ్వుదామని చూశాను. అందరూ చెట్ల దగ్గరికి వెళ్ళాక ఆయన దగ్గర నిలబడి, "అన్నా, ఆరోజు నేను..." అని మొదలుపెట్టాను.

"నువ్వేం చేశావమ్మా? రాసి ఉన్నది చదివావు. అంతేగా" అన్నాడు.

నా తరఫున ఇంకెవరూ అంత మంచి మాట చెప్పలేరు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఎక్కడ దాక్కోవాలో తెలియదు.

ఇప్పుడు గుంటూరు పక్కన నల్లపాడులో ఉంటున్నాను. ఆయన ఇంకా ఆ చెట్ల దగ్గరికి వెళ్తూనే ఉన్నాడు. కాలం కాని కాలంలో వాన పడ్డప్పుడల్లా నా ఫోన్‌కు ఆయన గొంతు వస్తుంది. "చెల్లెమ్మా, రాత్రి మాకు వాన పడింది. మీకు పడిందా?" అది అభిమానమో చురకో ఇన్నేళ్ళయినా నేను తేల్చుకోలేదు. ఆయనకు రాసి పంపితే చదవలేడు, నేను అంత కష్టపడి నేర్చుకున్న అక్షరాలకు అక్కడ పని లేదు. లేచి, చెప్పులు లేకుండా వాకిట్లోకి వెళ్ళి నేల మీద కాలు పెట్టి చూస్తాను. ఎక్కువ సార్లు పొడిగానే ఉంటుంది. అప్పుడు ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని చెబుతాను.

"మాకు పళ్ళేదన్నా. నువ్వు చెప్పావు గదా, మీకు పడింది."